బెల్లమంగడి పెద్దమ్మ ఆట

శాంతమూర్తి అట.

బస్టాండు ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆ మాట చదివి బండి ఆపాను. మధ్యలో ఆమె ఫోటో. ఫోటోలో నోరు మూసుకొని, తల కొంచెం వంచి ఉంది. అలాంటి క్షణం ఒకటి ఆమె జీవితంలో ఏ కెమెరాకు దొరికిందో నాకు తెలియదు. ఏ పెళ్ళిలోనో వక్కాకు నమలడానికి నోరు మూసినప్పుడు తీసి ఉంటారు. ఫోటో కింద ఇలా ఉంది: శాంతమూర్తి, మృదుభాషిణి, మా క్లబ్బు సభ్యురాలు స్వర్గస్థులైన సందర్భంగా స్మారక క్యారమ్స్ పోటీలు. అందరూ ఆహ్వానితులే. ఇట్లు, లేడీస్ క్లబ్బు.

నేను డోన్ దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పని చేస్తాను. ఏ బండలో ఏ లోపం ఉందో వరసగా చెప్పడం నా ఉద్యోగం. ఆ ఫ్లెక్సీలో లోపాలు చెబుతాను. ఒకటి, ఆమె శాంతంగా ఉండేది కాదు. రెండు, ఆమె మెల్లగా మాట్లాడగా విన్నవాళ్ళు మా టౌనులో లేరు. మూడు, ఆమె ఆ క్లబ్బు సభ్యురాలన్నది నిజమే గానీ, ఆ మాట చెప్పుకొనే ముఖం ఆ క్లబ్బుకు లేదు. మొదటి రెండూ మర్యాద కోసం రాశారనుకొని వదిలేయవచ్చు. మూడోదాన్ని వదలలేకనే ఇది రాస్తున్నాను.

ఆమెది బజారులో బెల్లం అంగడి. భర్త గల్లాపెట్టె దగ్గర, అత్తగారు వెనకాల మంచం మీద, ఆమె ఆ ఇద్దరి మధ్య. మా అమ్మ ఆమెను అక్కా అనేది కాబట్టి నాకు పెద్దమ్మ. ఊరందరికీ బెల్లమంగడామె. వారమంతా దిమ్మలు పగలగొట్టి తూకం వేసి, బుధవారం మధ్యాహ్నం మాత్రం కొంగు నడుముకు దోపి క్లబ్బుకు బయల్దేరేది. అత్తగారు వెనక నుంచి ఏదో అనేది. ఈమె వెనక్కి తిరక్కుండానే అంతకు రెట్టింపు గొంతుతో, "వస్తాలే, యాడికీ పారిపోనులే," అని అరిచేది. మా వీధి చివరిదాకా వినిపించేది.

క్లబ్బంటే పెద్దదేమీ కాదు. పాత బంగళాలో ఒక హాలు, రెండు గదులు. హాలులో ఒక మూల భజన, ఒక మూల కుట్లు అల్లికలు. వంటల జట్టు వెనక వరండాలో పొయ్యి పెట్టుకొనేది. పక్క గదిలో రెండు క్యారమ్స్ బోర్డులు. ఎవరికి ఇష్టమైన జట్టులో వాళ్ళు చేరవచ్చు. పెద్దమ్మ అన్నింటిలోనూ చేరి చూసింది. కుట్లలో చిలక వేస్తే కాకి అయింది. భజనలో తాళం కుదరడం లేదని, ఇంత మెల్లగా పాడితే దేవుడికి నిద్ర వస్తుందని గొడవ పెట్టుకుంది. చివరికి క్యారమ్స్ గదిలోకి వచ్చి కూర్చుంది. ఇక లేవలేదు.

ఆ గదిలో ఫ్యాను తిరగకపోయినా, హాలులో మైకు పలకకపోయినా మా అమ్మ నన్ను పిలిపించేది. పాలిటెక్నిక్ చదివే కొడుకు ఉన్నందుకు ఆమెకు ఆ మాత్రం హక్కు ఉందని ఆమె నమ్మకం. అలా నిచ్చెన మీద నుంచి, స్క్రూడ్రైవరు పట్టుకొని, నేను పెద్దమ్మ ఆట చాలాసార్లు చూశాను.

కుర్చీలో ఒక కాలు పైకి మడిచి పెట్టుకొని కూర్చునేది. గాజులన్నీ మోచేతి దాకా తోసుకొనేది. బుగ్గలో వక్కాకు నములుతూనే ఉండేది. కష్టమైన దెబ్బ వచ్చినప్పుడు మాత్రం నమలడం ఆగేది. ఆ దవడ ఆగిందంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళ గుండె జారేది. గుంత అంచున ఊగుతున్న కాయను చూసి వేలితో పిలిచేది. "రాప్పా రా, పొద్దు పోతాండాది, ఇంటికి పోదాం రా." అది పడేది. ఆమె లేచి వెళ్ళాక, కూర్చున్న వైపు బోర్డు అంచుకు చీమలు పట్టేవి. బెల్లం చేతులు మరి.

ఎదుటివాళ్ళ మీద జాలి చూపేది కాదు. కొత్తగా చేరినవాళ్ళ మీద కూడా. మా అమ్మను మొదటి రోజే ఏడిపించింది. మా నాన్న రైల్వేలో గార్డు. అందుకని అమ్మను గార్డమ్మా అనేది.

"ఏమ్మే గార్డమ్మా, వేళ్ళల్లో ఉప్పిండి పెట్టుకొని వచ్చినావా? కొట్టు మే గట్టిగా! మీ ఆయన పచ్చ జెండా ఊపితే గానీ కదలవా?"

అమ్మ ఇంటికి వచ్చి, చచ్చినా ఇంక పోను అంది. తర్వాతి బుధవారం అందరికంటే ముందు పోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చున్నారు. అమ్మ వేళ్ళు గట్టిపడ్డాయి.

ఒకసారి పెద్దమ్మ నాకు కబురు పంపింది. పోతే, బోర్డు ఒక పక్కకు వాలుతోందని, సరిచేయమని హుకుం. నేను కాలేజీ వర్క్‌షాపు నుంచి రసమట్టం అడిగి తెచ్చి నాలుగు వైపులా పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా దాని గాజు గొట్టంలోని బుడగ మధ్యలోనే నిలబడింది.

"సరిగ్గానే ఉంది పెద్దమ్మా."

"ఆ బుడగకు ఏం తెలుసప్పా? ఆటాడేది అదా, నేనా?"

"ఏమైంది అసలు?"

ఆ మూల నుంచి మా అమ్మ నవ్వు ఆపుకుంటూ, "పోయిన వారం నాతో ఓడిపోయిందిరా," అంది. పెద్దమ్మ అమ్మ వైపు కాసేపు ఉరిమి చూసింది. ఆ రోజు ఆట మొదలుపెట్టకముందే, గది మొత్తం వినేలా, "బోర్డు బాగానే ఉండాది. నువ్వే గెలిచినావు మే. ఇప్పుడు కూచో, చూపిస్తా," అంది. ఓడినప్పుడు ఓడానని గట్టిగా చెప్పేది. గెలిచినప్పుడు ఇంకా గట్టిగా చెప్పేది. నాకు తెలిసి ఆ బంగళాలో అలా చేసిన మనిషి ఆమె ఒక్కతే.

ఎందుకంటే, ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఎక్కడా రాసి పెట్టలేదు. కానీ అందరికీ తెలుసు. మా టౌనుకు బదిలీ మీద వచ్చే పెద్ద ఆఫీసరు భార్య ఎవరైతే ఆమే క్లబ్బుకు ప్రెసిడెంటు. ఎన్నిక ఉండదు. సామాను లారీ దిగిన వారానికి దండ పట్టుకొని పోయి పిలుచుకొని వస్తారు. పేరుతో పని లేదు, ఎవరొచ్చినా మేడమ్. వార్షికోత్సవం పోటీల్లో మేడమ్ పాల్గొన్న ప్రతి దాంట్లోనూ మేడమ్ గెలవాలి. అది రెండో సగం.

ఈ ఓడిపోయే పనిలో మా ఊరి ఆడవాళ్ళు ఆరితేరారు. కుర్చీలాటలో చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకామె కాలికి చీర కుచ్చిళ్ళు తగులుకుంటాయి. నిమ్మకాయ చెంచా పందెంలో ముందు పోతున్నామె నిమ్మకాయ గీత దగ్గర జారిపోతుంది. ముగ్గుల పోటీలో బాగా వేసేవాళ్ళు ఒక చుక్క ఎక్కువ పెట్టి ముగ్గు చెడగొట్టుకుంటారు. అందరూ అయ్యో అంటారు. మేడమ్ కూడా అయ్యో అంటుంది. తర్వాత చప్పట్లు. ఇంటికొచ్చి వీళ్ళే, "మేడమ్‌కు అన్నీ వచ్చు," అని చెప్పుకుంటారు. ఆ మేడమ్‌లలో ఎవరికైనా అనుమానం వచ్చిందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. అనుమానం రాకపోవడం కూడా ఒక సౌకర్యమే.

క్యారమ్స్‌కు మాత్రం ఈ తంటా ఉండేది కాదు. మేడమ్‌లు ఎవరూ ఆ గదిలోకి వచ్చేవాళ్ళు కాదు. ఒక ఏడాది వచ్చిన మేడమ్‌కు ఆ ఆట వచ్చు. కాలేజీ రోజుల్లో ఆడిందట. బాగానే ఆడుతుంది కూడా. పేరు ఇచ్చింది. దారిలో ఎదురైనవాళ్ళంతా ఎప్పటిలాగే చేతులు వణికించుకొని ఓడిపోయారు. మా అమ్మ కూడా వాళ్ళలో ఒకతె. ఇక ఫైనల్లో మిగిలింది పెద్దమ్మ.

రిపేరు పని లేకుండా మగవాళ్ళను లోపలికి రానిచ్చేది వార్షికోత్సవం రోజు ఒక్కటే. నేను మైకు సెట్టు దగ్గర ఉన్నాను. ఆట మొదలయ్యే ముందు సెక్రెటరీ వచ్చింది. ఆమె ఒక లాయరు గారి భార్య. ఎంతమంది మేడమ్‌లు మారినా సెక్రెటరీ మాత్రం మారదు. పెద్దమ్మ పక్కన వంగి చిన్నగా, "అక్కా, మేడమ్ ఫైనల్ ఆడతాండారు. కొంచెం చూసుకో," అంది.

పెద్దమ్మ చిన్నగా మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుంది గనక? "చూసుకుంటా లేమ్మా, కండ్లుండాయి గదా!" అని హాలు చివరిదాకా వినిపించేలా అంది.

ఆట మొదలైంది. మేడమ్ నాలుగు కాయలు వరసగా వేసింది. చప్పట్లు. పెద్దమ్మ గాజులు పైకి తోసుకుంది. అక్కడినుంచి హాలులో చప్పట్లు లేవు. ఆమె ఒక్కో కాయను పిలిచి మరీ ఇంటికి పంపింది. రెడ్ వేసింది, దాని వెంటనే కాయ వేసి దక్కించుకుంది. చివరి కాయ బోర్డుకు అవతలి మూల, మేడమ్ కాయ వెనక దాక్కొని ఉంది. పెద్దమ్మ దవడ ఆగింది. సెక్రెటరీ దగ్గింది. అమ్మ కళ్ళు మూసుకుంది. స్ట్రైకరు అంచుకు కొట్టుకొని తిరిగి వచ్చి, ఆ కాయను పక్కనుంచి తాకింది. కాయ పడింది.

"అయిపాయె," అంది పెద్దమ్మ. "బాగా ఆడినారు మేడమ్. ఆ ఎడం చేతి పక్క దెబ్బ మీకు రాదు. బుధవారం రాండి, నేర్పిస్తా."

మేడమ్ నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెను నేను పెద్దగా తప్పు పట్టను. ఆ తర్వాత జరిగింది మాత్రం మా ఊరివాళ్ళే చేశారు.

బహుమతుల దగ్గర సెక్రెటరీ తెల్లముఖం వేసింది. బల్ల మీద క్యారమ్స్ కప్పు ఉంది. దాని మీద విజేత పేరు ముందే చెక్కించి ఉంది. కర్నూలు పోయి, పోటీ కంటే వారం ముందే, మేడమ్ పేరు చెక్కించుకొని వచ్చారు. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. ఓడిపోయేవాళ్ళు ఎప్పుడూ మాట తప్పలేదు కాబట్టి, చెక్కేవాడిని ఆగమని చెప్పే అవసరం ఎప్పుడూ రాలేదు. సెక్రెటరీ కప్పును అరచేత్తో మూసి పట్టుకొని, "ఆటలో గెలుపు ఓటములు సహజం, మన దృష్టిలో ఇద్దరూ విజేతలే," అని మొదలుపెట్టింది.

పెద్దమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. "ఇట్లియ్యప్పా ఆ మైకు," అంది. స్టాండు మీద ఉన్న రెండో మైకు తీసి ఇచ్చాను.

"ఆ కప్పు మేడమ్‌కే ఇయ్యండి. పేరు చెక్కించినారు గదా, దాన్ని నేనేం చేసుకొనేది? ఇద్దరూ గెలిచినారని మాత్రం చెప్పొద్దు. ఆట నేను గెలిచినా. మీరంతా చూసినారు."

అంతే. మైకు నా చేతిలో పెట్టి, చెప్పులు వేసుకొని అంగడికి పోయింది. హాలులో ఒక్కరంటే ఒక్కరు ఆమె వెంట పోలేదు. భజన జట్టు లేచి మంగళహారతి అందుకుంది.

తర్వాతి బుధవారం పెద్దమ్మ పోయేసరికి ఆ గదిలో బోర్డులు లేవు. గోడకు కొత్త కాగితం అంటించి ఉంది. క్యారమ్స్ జట్టుకు బదులు పువ్వుల అలంకరణ జట్టు.

"బోర్డులు యాడ?" అని అడిగింది పెద్దమ్మ.

"హాస్టలు పిల్లలకు దానం చేసినాం అక్కా. పాపం పిల్లలు," అంది సెక్రెటరీ.

ఈ తెలివికే నాకు ఒళ్ళు మండుతుంది. విరగ్గొట్టి ఉంటే కొట్లాడవచ్చు. దాచిపెట్టి ఉంటే వెతకవచ్చు. పిల్లలకిచ్చామంటే ఎవరు అడుగుతారు? అడిగినామె పిల్లల దగ్గర గుంజుకొనేది అవుతుంది. పెద్దమ్మ ఆ రోజు ఏమీ అనలేదని అమ్మ చెప్పింది. ఆ ఒక్క రోజును పట్టుకొని శాంతమూర్తి అని రాశారేమో.

తర్వాత కూడా ఆమె పోవడం మానలేదు. బుధవారం వస్తే కొంగు దోపుకొని పోయేది. బంతిపూల మధ్య కూర్చొని, ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేది: బోర్డు యాడ? సెక్రెటరీ ఒకే జవాబు చెప్పేది: చూద్దాం అక్కా. ఆ మేడమ్ ఏడాది తిరక్కుండానే బదిలీ మీద పోయింది. ఇంకో మేడమ్ వచ్చింది. చెక్కించిన కప్పు, దాన్ని చెక్కించిన కారణం రెండూ ఊరు దాటిపోయాయి. బోర్డులు మాత్రం రాలేదు. పెద్దమ్మతో పాటు అడిగేవాళ్ళు ఇంకొకరు ఉంటే వచ్చేవేమో. లేరు.

నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి బెల్లం కోసం అంగడికి పోయాను. ఆమె తక్కెడ పక్కన బల్ల మీద చింతగింజలు పరిచి, బొటనవేలితో ఒకదాన్ని ఇంకొకదానితో కొడుతోంది. గల్లాపెట్టె దగ్గర నుంచి భర్త, "అంగట్లో ఆ ఆటలేంది? గిరాకీలు నవ్వుతాండారు," అన్నాడు. ఆమె గింజలు తోసేసి నాకు బెల్లం తూచింది.

"పెద్దమ్మా, కర్నూల్లో కొత్త బోర్డు కొని తెస్తాను. ఇంట్లో పెట్టుకో."

ఆమె నా వైపు చూసి నవ్వింది. భర్తకు వినిపించాలనే అంది. "ఇంట్లో ఎవరితో ఆడల్లప్పా? మా ఆయనతోనా? ఓడిపోతే ఆయనకు రెండు దినాలు అన్నం దిగదు. మా అత్తతోనా? ఆమె కాయిలన్నీ కొంగులో మూట కట్టుకుంటాది." తర్వాత బెల్లం పొట్లం కడుతూ, ఆమెకు చేతనైనంత మెల్లగా అంది. "ఈడ గెలిచినా ఓడినా నేను వాళ్ళ కోడల్నే గదా నాయనా. ఆడయితే ఎదురుగా కూచున్నోళ్ళు నా చెయ్యి చూసి భయపడతాండిరి."

ఈ ఎండాకాలం ఒక పొద్దున గుండెలో నొప్పి అంది. కర్నూలు తీసుకుపోతుంటే దారిలోనే, వెల్దుర్తి దాటకముందే పోయింది.

నెల తిరగకుండానే క్యారమ్స్ గది తెరుచుకుంది. కొత్తవి, నున్నటివి, రెండు బోర్డులు. కొనిచ్చింది ఆమె భర్త. వాటి అంచున ఆమె పేరు ఎర్ర రంగుతో రాయించాడు. ప్రారంభం రోజు మైకు పట్టుకొని, "మా ఇంటామెకు ఈ ఆటంటే ప్రాణం," అని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. సెక్రెటరీ కూడా తుడుచుకుంది. బతికి ఉండగా ఒక్క బోర్డు ఇవ్వని వాళ్ళు, చచ్చాక రెండు ఇచ్చారు. ఆమె ఇక ఎవరినీ ఓడించదని నమ్మకం కుదిరాక ఇచ్చారు.

నిన్న ఆ స్మారక పోటీల ఫైనల్ జరిగింది. ఒక వైపు ఇప్పటి మేడమ్. ఇంకో వైపు మా అమ్మ.

నేను సెలవు పెట్టి మరీ పోయాను. అమ్మ గెలుస్తుందని నాకు తెలుసు. ఇప్పటి మేడమ్ ఆట నేను చూశాను, అమ్మ ముందు నిలబడేది కాదు. పెద్దమ్మ ఫోటోకు దండ వేసి, దీపం పెట్టి, ఆట మొదలుపెట్టారు. అమ్మ చకచకా వేసుకుంటూ పోయింది. చివరికి ఒకే ఒక కాయ మిగిలింది. అది గుంత ముందు, మూతి మీద, ఊదితే పడేలా ఉంది. మేడమ్‌వి ఇంకా ఐదు ఉన్నాయి.

అమ్మ కొట్టింది. స్ట్రైకరు కాయ పక్కనుంచి పోయి తానే గుంతలో పడింది. ఫౌల్.

అయ్యో అన్నారందరూ. నాకు ఆ అయ్యో బాగా తెలుసు. మేడమ్ రెండు వేసింది. అమ్మ మళ్ళీ కొట్టింది, మళ్ళీ తప్పింది. మేడమ్ ఇంకొకటి వేసింది. అమ్మ మూడోసారి కూడా తప్పింది. మేడమ్ మిగిలిన రెండూ వేసి గెలిచింది. సెక్రెటరీ కప్పు తెచ్చింది. ఈసారి కూడా పేరు చెక్కించే ఉంది. దండ వేసిన ఫోటో పక్కన నిలబెట్టి మేడమ్‌కు ఫోటో తీశారు.

ఇంటికి వచ్చాక ఆగలేకపోయాను.

"సిగ్గు లేదామ్మా నీకు? ఆమె ఫోటో ముందర పెట్టుకొని! ఆమె బోర్డు మీదనే!"

అమ్మ చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగింది. నా వైపు చూడలేదు.

"గెలిచింటే ఏమయితాండె చెప్పు. వచ్చే బుధవారం పోతే బోర్డుంటుందా ఆడ? ఎవరో పిల్లలకు పోతాది. మళ్ళా పువ్వులు. మన వీధిలో ఖాజాబీ కోడలు కొత్తగా చేరింది, బుధవారం ఎప్పుడొస్తాదని కాచుకోనుంటాది. ఆ పిల్లకు ఇంగ యాడుండాది చోటు?"

"పెద్దమ్మయితే కొట్టేది."

"కొట్టేది. కొట్టె గదా." అమ్మ గొంతు పెరిగింది. "ఆ పొద్దు మేమంతా ఆడనే ఉంటిమి. ఒక్కరన్నా లేస్తిమా? ఆమెను ఒంటరిగా పోనిస్తిమి. ఇప్పుడు నేను గెలిస్తే లేచేదెవరు? నువ్వా? నీకు లోపలికి రానిచ్చేది సంవత్సరానికి ఒక్క దినం."

అమ్మ అన్నది నిజమే. అయినా కోపం తగ్గలేదు. ఇప్పుడు రాస్తున్నా తగ్గలేదు. అమ్మ మీద కాదు. గెలవడం వచ్చిన ఆడమనిషికి ఆట మిగలాలంటే ఓడిపోయి చూపించాలన్న ఆ బంగళా మీద. పెద్దమ్మ పేరు రాయించి, ఆ పేరు మీదనే ఆ పని చేయిస్తున్నందుకు.

"చేతకాక తప్పినా అనుకుంటాండావా?" అంది అమ్మ. కుడి చెయ్యి ముందుకు చాపింది. ఆ దెబ్బలకు చూపుడు వేలు గోరు కింద నెత్తురు గడ్డకట్టి నల్లగా ఉంది. "ఎదురుగా పెట్టుకోని, కండ్ల ముందరుండే కాయిని తగలకుండా కొట్టల్ల. మూడు సార్లు. దేనికీ ఇంత గురి చూడలేదురా నేను."